అక్షరాల ఇంటిపేర్లు అడగబోయి

భూపాలపల్లిలో విడుదలైన ఒక పుస్తకంలో నా ప్రస్తావన అచ్చయి ఉంది. మామూలు ప్రస్తావన కాదు. నూట నలభై పేజీల ఆ పుస్తకం కంప్యూటర్ కడుపులో కరిగిపోతుంటే, జనగామ నుంచి రైలెక్కి వెళ్లి, ఒక్క మీట నొక్కి, ఒంటిచేత్తో పైకి లాగినవాణ్ణి నేను. విడుదల సభలో అయిదు వందల మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకు హాలు రేకులు అదిరాయి.

ఈ అయిదు వాక్యాలూ రాసి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా ఆవిడ రాజేశ్వరికి చదివి వినిపించాను.

"అయిదు నూర్ల మంది యాడ వట్టిన్రయ్యా ఆ హాల్ల?" అంది తలెత్తకుండానే. "నలభై కుర్చీలేసిన్రు. రెండు కాళీగుండె. ఒకదాని మీద నా సంచి వెట్టుకున్న."

"చప్పట్లు కొట్టిన్రు గదా?"

"కొట్టిన్రు. నీకా?"

సరే. అయిదు వందలను నలభైగా చదువుకోండి. మిగతావి కూడా దారిలో ఒక్కొక్కటిగా సర్దుకుంటూ పోదాం. ముందే చెబుతున్నాను, ఇది ఒక ఘోరం కథ. ఒక పెద్దాయన పుస్తకాన్ని నేను నిలువునా ముంచిన కథ. అప్పటికి నాకు అరవై ఆరేళ్లు. చిన్నతనం. తెలియక చేశాను.

జనగామ స్టేషన్ రోడ్డులో ముప్పై ఏళ్లు డీటీపీ సెంటర్ నడిపాను. ఈ చుట్టుపక్కల ఎవరి పెళ్లి కార్డు తీసినా అందులో శ్రీరస్తు నాదే. సెంటర్ మూసేశాక చేతులకు పని లేక, వేళ్లు భోజనాల బల్ల మీద టైపు కొట్టడం మొదలుపెట్టాయి. ఆ బాధ చూడలేక మా ఆవిడే "ఆ కంప్యూటరేందో ఇంట్ల వెట్టుకోరాదు" అంది. అప్పుడు పరిచయమైంది ఒక ఎడిటర్. అంటే పత్రికా సంపాదకుడు కాదు, కంప్యూటర్లో రాతపని చేసుకునే సాధనం. ఉచితం. దానికి సొంతంగా ఒక ప్రోగ్రామింగ్ భాష ఉంది. ఆ భాషలో నాలుగు మాటలు చెబితే ఎడిటర్ మనం చెప్పినట్టు వింటుంది. ఇంట్లో మన మాట వినే వస్తువు ఒకటి దొరికితే ఈ వయసులో వదులుతామా?

దాని వివరణ గ్రంథాన్ని తెలుగులో రాయడానికి కొందరు పిల్లలు ఒక గుంపుగా ఏర్పడి అధ్యాయాలు పంచుకుంటున్నారు. నేనూ చేరాను. "అన్నిటికన్నా కష్టమైంది ఇయ్యుండ్రి" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ మాట అనలేదు. నేను చేరేసరికి ఎవరికీ అక్కర్లేక అదొక్కటే మిగిలింది. దాని పేరు అక్షర సముదాయాల ఫంక్షన్లు.

కంగారు పడకండి, చాలా సులువు. ప్రపంచంలోని అక్షరాలన్నింటినీ ఆ ఎడిటర్ కుటుంబాలుగా విడదీసి పెట్టుకుంటుంది. ఆ కుటుంబం పేరే చార్‌సెట్. ఆ కుటుంబాల గురించి వాకబు చేయడానికి కొన్ని ఫంక్షన్లు ఉంటాయి. వాటిని నేను ఎలా వివరించానో చూడండి. చార్‌సెట్-పి అనేది ఇది అసలు మనుషులుండే ఇల్లేనా, పశువుల కొట్టమా అని అడుగుతుంది. చార్-చార్‌సెట్ అనేది ఒక అక్షరాన్ని గుమ్మంలో నిలబెట్టి "నీ ఇంటిపేరేమిటి నాయనా" అని అడుగుతుంది. ఒకే అక్షరాన్ని రెండిళ్ల వాళ్లూ మావాడంటే మావాడని లాగితే, బంతిలో ముందు ఎవరికి విస్తరి వెయ్యాలో చెప్పడానికి ఒక వరుస జాబితా ఉంటుంది.

గుంపులోని పిల్లలు చదివి, "సార్, ఇది మామూలు డాక్యుమెంటేషన్ లాగ లేదు" అన్నారు. దాన్ని నేను పొగడ్త కింద జమకట్టుకున్నాను.

ఇక ఘోరం ఎక్కడ మొదలైందో వినండి.

నేను డీటీపీ మొదలుపెట్టిన కాలంలో కంప్యూటర్లో తెలుగు అక్షరాలకు సొంత చోటు లేదు. అందుకని ఫాంట్లు చేసేవాళ్లు ఇంగ్లీషు అక్షరాల కుర్చీల్లో తెలుగు బొమ్మలను కూర్చోబెట్టారు. లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరం, తెర మీద కనబడేది తెలుగు. మా వైపు చిందు బాగోతంలో కిరీటం, భుజకీర్తులు పెట్టుకొని వచ్చి గద మోపిన భీముడు, పొద్దున చూస్తే మనకు పాలు పోసే ఐలయ్య అయినట్టు. తర్వాత రోజులు మారి, తెలుగుకు యూనికోడ్ అని సొంత ఇల్లు వచ్చింది. కొత్తగా టైపు చేసేవాళ్లంతా ఆ ఇంట్లోకి మారిపోయారు. ఇదంతా నాకు తెలుసు. ముప్పై ఏళ్లు నాకు అన్నం పెట్టిన విద్యే అది. కళ్లజోడు నెత్తిన పెట్టుకొని ఇల్లంతా వెతికేవాడికి కూడా కళ్లజోడు సంగతి తెలిసే ఉంటుంది కదా!

వివరణకు ఒక ఉదాహరణ కావాలి. నా దగ్గర ఫైళ్లకేం కొదవ? పాత పెళ్లి కార్డు ఒకటి తెరిచాను. దానికి నా పాత ఫాంటే తొడిగాను. తెర మీద శ్రీరస్తు కళకళలాడింది. శ్రీ మీద కర్సర్ పెట్టి, "నీ ఇంటిపేరేమిటి" అని చార్-చార్‌సెట్ చేత అడిగించాను.

"ఆస్కీ" అని జవాబొచ్చింది.

ఆస్కీ అంటే కంప్యూటర్లో అన్నిటికన్నా పాత కుటుంబం. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కామాలు, చుక్కలు ఉండే ఇల్లు. తెలుగు శ్రీ ఆ ఇంటిపేరు చెప్పినప్పుడు బుద్ధున్నవాడు ఆగి, కిరీటం లాగి చూస్తాడు. నేను ఆగలేదు. ఒళ్లు పులకరించింది. ఇంతమంది పండితులకు తెలియని రహస్యం నాకు దొరికిందనుకున్నాను. వెంటనే ఇలా రాశాను: "ఆస్కీ అనగానే అది ఇంగ్లీషు వారి సొత్తని చాలామంది భ్రమపడతారు. తెలుగు అక్షరాలు కూడా ఆ కుటుంబానివే. రచయిత స్వయంగా పరీక్షించి చూశారు."

గుంపులో ఒకరు రాసింది ఇంకొకరు దిద్దాలని నియమం. నాది దిద్దడానికి ఎవరూ ముందుకు రాలేదు. "మీరు పెద్దోళ్లు సార్, మీది మేమేం చూస్తం" అన్నారు. మర్యాద ఎంత ప్రమాదకరమో నాకు ఆనాడు తెలియదు.

అంతటితో ఆగినా బాగుండేది. మూడో ఉదాహరణగా ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. అది ఫైలులోని ప్రతి అక్షరం దగ్గరికీ వెళ్లి ఇంటిపేరు అడుగుతుంది. ఆస్కీ అన్నవాణ్ణి కూర్చోమంటుంది, కాదన్నవాణ్ణి బయటికి నెడుతుంది. పిచ్చి గుర్తులు చేరిన తెలుగు ఫైలును శుభ్రం చేయడానికి దివ్యమైన మందు అని రాశాను. చదివేవారికి శ్రమ లేకుండా, చివర ఫైలును దానంతటదే సేవ్ చేసే వరుస కూడా కలిపాను. పెళ్లి కార్డు మీద నడిపి చూశాను. ఒక్క అక్షరం కూడా పోలేదు. ఎందుకు పోతుంది? అందులో ఉన్నవాళ్లంతా కిరీటాలు పెట్టుకున్న ఆస్కీలే!

ఇప్పుడు స్వరూప గురించి చెప్పాలి. నా సెంటర్లోనే టైపు నేర్చుకుంది. ఇప్పుడు మహబూబాబాద్ బస్టాండ్ దగ్గర సొంతంగా డీటీపీ షాపు పెట్టుకుంది. నేనే వెళ్లి ఆమె మిషన్లో ఈ ఎడిటర్ ఎక్కించి వచ్చాను. ఆమె టైపు చేసేదంతా కొత్త పద్ధతి, యూనికోడ్ తెలుగు.

ఆమె దగ్గరికి కొమురయ్య వచ్చాడు. భూపాలపల్లి బొగ్గు బాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాడు. మా వైపు గనిని బాయి అనే అంటాం. తన బతుకు పుస్తకంగా రావాలని ఆయన కోరిక. కానీ చేతులు వణుకుతాయి, కలం నిలవదు. మహబూబాబాద్‌లో కూతురింట్లో నాలుగు నెలలుండి, రోజూ స్వరూప పక్కన కుర్చీ వేసుకొని నోటితో చెబుతూ టైపు చేయించాడు. నోటు పుస్తకం లేదు, కాగితం ముక్క లేదు. ఉన్నదల్లా ఆ ఫైలే. శుక్రవారం పొద్దున ఫైలు ప్రెస్సుకు పోవాలి. ఆదివారం భూపాలపల్లిలో, తనతో బాయిలో దిగిన పాత దోస్తుల మధ్య, విడుదల.

బుధవారం మధ్యాహ్నం స్వరూప ఫోన్ చేసింది.

"సార్, కొమురయ్య బాపు వాళ్ల బిడ్డ ఫోన్లకెల్లి కొన్ని ముచ్చట్లు తెచ్చి పుస్తకంల అతికిచ్చిన. అండ్ల నవ్వు మొకాలు, పూలు, దండాలు వెట్టే చేతులు అన్ని మోపైనయి. ఒక్కొక్కటి ఏరాల్నంటె శాన టైం వట్టేటట్టున్నది."

"నేను రాసిన అధ్యాయంల మూడో ఉదాహరణ చూసినవా?"

"చూసిన సార్. కని అండ్ల తెలుగు ఆస్కీ అని రాసిన్రు. ఆస్కీ అంటె ఇంగ్లీషు గాదా సార్?"

"స్వరూపా, నీకు కీబోర్డు మీద ఏళ్లు వెట్టుడు ఎవరు నేర్పిన్రు?"

"మీరే సార్."

"మరింకేంది?"

"సరె సార్."

పది నిమిషాలకు మళ్లీ ఫోన్ మోగింది.

"సార్."

"ఏమ్మా, నవ్వు మొకాలు పోయినయా?"

"పోయినయి సార్."

"చూసినవా మరి!"

"అన్ని పోయినయి సార్."

"అన్ని అంటే?"

"కామాలున్నయి సార్."

నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాననుకొని గాలిలో పెట్టాను. అది పడ్డ చప్పుడుకు మా ఆవిడ లోపలి నుంచి "ఎవలు?" అంది.

"జర సక్కగ చదువు, ఏమేం ఉన్నయి?" అన్నాను.

"కామా. కామా. చుక్క. మళ్ల కామా. పేజీల నంబర్లున్నయి. మాటలకు అటిటు వెట్టే కోట్ గుర్తులున్నయి, నడుమ మాటల్లెవ్వు. నూట నలభై పేజీలు సార్, చాటల చెరిగినట్టు ఉత్త చుక్కలే మిగిలినయి."

ఫోన్లోనే వెనక నుంచి కొమురయ్య గొంతు వినిపించింది. "ఏమైంది బిడ్డా? నా పుస్తకమేది? పొద్దుగాల్ల ఉండె గదా!"

స్వరూప ఏం చెప్పిందో వినపడలేదు. కాసేపటికి ఆయనే అన్నాడు: "బాయిల లైటు వోతె గూడ గిట్లనే ఉంటది. జర ఆగితె అగువడ్తది తియ్."

ఆయన కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. అయినా పెద్దరికం ఊరుకోనివ్వదు కదా! "ఏం పరేషాన్ గాకు. ఆ ఫైలు మూసి మళ్ల తెరువు, సక్కగైతది" అన్నాను. మూసింది. తెరిచింది. మూయకముందు చేసినదాన్ని వెనక్కి తిప్పే (అన్‌డూ) అవకాశమన్నా ఉండేది, మూశాక అది కూడా పోయింది. ఇంకా రెండు మూడు సలహాలు ఇచ్చాను. అవి ఇక్కడ అనవసరం.

మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన, తప్పు ఎవరి మీద వెయ్యాలి? రఘునాథపల్లి దాటేటప్పటికి తప్పు వైరస్‌ది. కాజీపేటలో కరెంటుది. నెక్కొండలో స్వరూపది. కేసముద్రం వచ్చేసరికి తప్పు మోపడానికి మనుషులెవరూ మిగల్లేదు.

షాపులో అడుగుపెట్టేసరికి కొమురయ్య కుర్చీలో కూర్చొని బిస్కెట్టు చాయ్‌లో ముంచుకొని తింటున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. పుస్తకం పోయినవాడు అంత నిమ్మళంగా ఎలా ఉన్నాడా అని నాకు ఆశ్చర్యమేసింది. ముప్పై ఏళ్లు భూమి కింద బతికినవాడి గుండె కదా, గట్టిదనుకున్నాను.

"కూసోండి సారూ. చాయ్ తాగుండ్రి. నా పుస్తకం యాడవోయిందో మీకైతె ఎరుకే గదా?"

"బాపూ, ఇది ఒక వైరస్..." అని మొదలుపెట్టాను.

"సార్," అంది స్వరూప, ఒక ఖాళీ ఫైలు నా ముందు తెరిచి. "నేను 'క' కొడ్త. ఇంటిపేరు మీరు అడుగుండ్రి."

అడిగాను. యూనికోడ్ అంది ఎడిటర్.

"గిప్పుడు మీ పెళ్లి కార్డు తెరువుండ్రి. నిన్న మీరే పంపిన్రు గదా, చూసి నేర్సుకో అని."

తెరిచాను. శ్రీ మీద పెట్టి అడిగాను. ఆస్కీ.

"గిప్పుడు దాని ఫాంటు తీసెయ్యుండ్రి సార్."

తీసేశాను. శ్రీరస్తు ఎగిరిపోయి, దాని చోట నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఒక స్టారు గుర్తు, ఒక ప్రశ్నార్థకం బయటపడ్డాయి. కిరీటం ఊడిన భీముడు పాల క్యానుతో నిలబడ్డాడు. జనగామ చుట్టుపక్కల ముప్పై ఏళ్లలో నేను చేయించిన పెళ్లిళ్లన్నీ ఆ క్షణంలో నన్ను చూసి నవ్వినట్టు అనిపించింది.

నేను కొమురయ్య వైపు తిరిగాను.

"తప్పు నాదే బాపూ," అన్నాను. "వైరస్ లేదు, ఏం లేదు. నేను తెలుసుకోకుండ రాసిన. స్వరూప అడిగింది. నేనే నోరు మూయించిన."

కొమురయ్య చాయ్ గ్లాసు కింద పెట్టి, స్వరూప వంక చూసి, "ఆఁ" అన్నాడు. అంతే. ఆ "ఆఁ"కు అర్థం అప్పుడు నాకు తెలియలేదు.

సరిగ్గా అప్పుడు, పాఠకులారా, నా బుర్ర వెలిగింది. ఈ ఎడిటర్‌కు ఒక మంచి అలవాటుంది. ఫైలు తెరిచి మొదటిసారి సేవ్ చేసినప్పుడు, అంతకుముందున్న ప్రతిని పక్కన దాచిపెడుతుంది. దాని పేరు చివర తోకలా ఒక వంకర గీత ఉంటుంది. "స్వరూపా, తోక ఫైలు!" అని కేక వేశాను. ఆమె చూపించింది. నేను మీట నొక్కాను. నూట నలభై పేజీలూ కంటికి నిండుగా వచ్చి నిలబడ్డాయి.

మొత్తం కాదు. బుధవారం నాడు చేర్చిన రెండు పేజీలు అందులో లేవు. నవ్వు మొకాల ముచ్చట్లు పోతే పోయాయని కొమురయ్యే అన్నాడు. ఆ రెండింటిలో రెండో పేజీ మాత్రం కావాలన్నాడు. అందులో ఆయనతో ఒకే షిఫ్టులో బాయిలో దిగినవాళ్ల పేర్లున్నాయి. "నేను చెప్త, మీరు కొట్టుండ్రి సారూ" అన్నాడు. స్వరూప లేచి నాకు కుర్చీ ఇచ్చింది.

ఆయన కళ్లు మూసుకొని చెప్పాడు. పేరు, ఊరు, ఏ పని చేసేవాడు, ఏ మాట ఊతపదం. ఎక్కడా ఆగలేదు, వెనక్కి పోలేదు. దీపాలు తలకు కట్టుకొని ఒకరి వెనక ఒకరు దిగుతున్న వరుసను చూస్తూ చెబుతున్నట్టుంది. ముప్పై ఏడు పేర్లు. పదివేళ్లతో, ఒక్కసారి కూడా కీబోర్డు చూడకుండా కొట్టాను. ఆ పేజీ నా జీవితంలో నేను చేసిన అన్నిటికన్నా మంచి టైపు అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆదివారం భూపాలపల్లి సభకు మా ఆవిడతో వెళ్లాను. కొమురయ్య దోస్తు ఒకాయన ఆ పేర్ల పేజీ తీసి, బాయి దగ్గర హాజరు పిలిచినట్టు పిలిచాడు. ఉన్నవాళ్లు "ఆఁ, ఉన్న" అన్నారు. లేనివాళ్ల పేరు వచ్చినప్పుడు పక్కవాళ్లు "ఉన్నడు" అన్నారు. అప్పుడు మోగాయి చప్పట్లు. కాబట్టి అవి నాకు కాదు. రాజేశ్వరి గెలిచింది.

నా ప్రస్తావన అచ్చయిందన్నది మాత్రం అబద్ధం కాదు. ప్రమాదాల అధ్యాయం ఆఖరున ఉంది. గురువారం నేను షాపు నుంచి వెళ్లిపోయాక కొమురయ్య చేర్పించాడట. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "బాయిల నా మీదికి మూడుసార్లు పైకప్పు కూలింది. మూడుసార్లు పానంతోని బయటవడ్డ. నాలుగోసారి భూమి మీదనే, మానుకోట బస్టాండు కాడ కూలింది. గా కప్పు కూల్చింది జనగామ సారు."

మానుకోట అంటే మహబూబాబాదే. జనగామ సారు ఎవరో మీకు చెప్పనక్కర్లేదు.

సభ మర్నాడు అక్కడి నుంచే కాళేశ్వరం పోయాం. గోదావరిలో మునిగాక ఇష్టమైనదొకటి వదిలిపెట్టాలి అంది రాజేశ్వరి. ఆమె వంకాయ వదిలింది. నాకు జీవితంలో అన్నిటికన్నా ప్రీతిపాత్రమైన వాక్యాన్ని నేను వదిలాను: "రచయిత స్వయంగా పరీక్షించి చూశారు." మూడు మునకలు వేసి, మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి ఒట్టు పెట్టాను. ఇకమీదట ఏ అక్షరాన్నీ కిరీటం లాగి చూడకుండా ఇంటిపేరు అడగను. అడిగినా, పుస్తకంలో రాయను. రాసినా, చివర సేవ్ చేసే వరుస కలపను. శిష్యురాలు "గదేంది సార్" అని అడిగితే, కీబోర్డు ఎవరు నేర్పారని ఎదురు అడగను. నా అధ్యాయాన్ని కూడా దిద్దాను. ఇప్పుడు అందులో "తెలుగు అక్షరం ఆస్కీ కాదు, రచయిత వేషం చూసి మోసపోయారు" అని ఉంటుంది.

ఇదంతా రాసి, అచ్చుకు పంపేముందు న్యాయంగా ఉంటుందని స్వరూపకు పంపాను. గంటలో ఫోన్ చేసింది.

"మంచిగున్నది సార్. కని పేర్లు ముప్పై ఏడు గావు, ముప్పై ఆరు. ఒకటి మీరు రెండుసార్లు కొట్టిన్రు, నేను తీసేసిన."

"సరె, దిద్దుత. ఇంకా?"

"తోక ఫైలు మీకు యాదికొచ్చుడేంది సార్? మీరు జనగామల రైలెక్కకముందే నాకు దొరికింది. తప్పు మీ నోటెంట వచ్చేదాంక చెప్పొద్దన్నడు బాపు. గందుకే ఆగినం."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను. ఆమే అంది:

"ఇంకో రెండు మూడు సలహాలిచ్చిన, అవి అనవసరం అని రాసిన్రు గదా. అండ్ల ఒకటి, 'తోక ఉన్న ఫైళ్లన్ని ఉత్త చెత్త, ముందు గవి తీసెయ్' అని. నేను మీ మాట విన్లే సార్. గందుకే పుస్తకం మిగిలింది. గది రాయిండ్రి."